అందుకునే పాట

అడిస్ అబాబాలో కజాంచిస్ పేట. అజ్మారీ పాటగాళ్ల పాటల ఇంట్లో వెనక గది. పాటకు కాసేపు విరామం.

"తలుపు గడియ పెట్టు. ముందు ఆ గడియ పెట్టు."

"దీనికి గడియ లేదు. పాటగత్తె గదికి గడియేంటి, రాజుగారి ఖజానానా?"

"అయితే వీపు ఆనించి నిలబడు. ముఖం కడుక్కొస్తానని చెప్పి వచ్చాను. రెండు మాటలు చెప్పి పోతాను."

"ఇరవై ఐదేళ్లకి కనిపించి రెండు మాటలేనా అక్కా? ముఖం కడుక్కునే నీళ్లు అటు పక్కన ఉన్నాయి. ఇక్కడ తెజ్ కల్లు జాడీలు, నేనూ తప్ప ఏం లేవు."

"అక్కా అనకు."

"అస్కాలె అమ్మగారూ అననా?"

"అరవకు, ఎతాగెన్."

"ఓహో, పేరు గుర్తుందే! ఇక్కడ ఆ పేరు ఎవరికీ తెలీదు. గుమ్మం పక్కన నా బొమ్మ కింద 'లోమీ' అని రాసుంటుంది, చూళ్లేదా? నిమ్మకాయ అన్నమాట. నా మొగుడు పెట్టాడు, గొంతు పుల్లగా ఉంటుందని. ఎతాగెన్ నాన్న పెట్టిన పేరు. నేను పుట్టగానే నీకు చెల్లి దొరికిందని. దొరికినదాన్ని నువ్వు పారేసుకున్నావు, అది వేరే సంగతి."

"నేనేం నిన్ను వెతుక్కుంటూ రాలేదు. నువ్విక్కడ పాడతావని తెలిస్తే ఈ వీధి మొహమే చూసేదాన్ని కాదు."

"మరి ఎవరు లాక్కొచ్చారు?"

"పెళ్లి బట్టలకని హవాసా నుంచి వచ్చాం. బట్టలు కొనడం అయ్యాక మా వియ్యంకుడు ఊరు చూద్దాం అన్నాడు. కాబోయే వియ్యంకుడు. ఎవడో గైడుని మాట్లాడాడు. పొద్దున మ్యూజియం, మధ్యాహ్నం కొండ మీద గుడి, సాయంత్రం భుజాల డాన్సు చూస్తూ భోజనం, ఆఖరికి..."

"ఆఖరికి మేం. తెలుసులే. మ్యూజియంలో ఎముకలు చూపించాక మమ్మల్ని చూపిస్తాడు వాడు. 'వీళ్లు మిమ్మల్ని తిడుతూ పాడతారు, మీరు నవ్వాలి, అదే వేడుక' అని ముందే చెప్పి తెస్తాడు. లేకపోతే మీలాంటి వాళ్లకి ఎక్కడ నవ్వాలో తెలీదుగా. ఎవరికి పెళ్లి?"

"నా కూతురికి. మహ్లెత్‌కి."

"నీ ఎడమ పక్కన కూర్చున్న పిల్లా? మహ్లెత్ అని పెట్టావా? పాట అని?"

"గుడిలో పాడే పాట అది. మీరు పాడేది కాదు."

"గుడిలోదైనా పాట పాటేగా. నోటితో చెప్పుకోలేని సంగతి పిల్ల నెత్తిన పెట్టావన్నమాట. తనకి తెలుసా?"

"ఏం తెలియాలి?"

"నువ్వు ఎవరి కూతురివో."

"ఎవరికీ తెలీదు. మా ఆయనకే తెలీదు. వియ్యంకుల వాళ్లు ఏడు తరాలు అడిగారు. మా నాన్న గుడి బడిలో పంతులని చెప్పాను."

"ఎవరూ? గోందర్ చుట్టుపక్కల పెళ్లిపందిళ్లన్నీ ఒంటితీగ మసింకో వాయిస్తూ తిరిగినాయనా? పంతులా? ఏం దిద్దించాడు పాపం, ఆ తీగలో గుర్రపు వెంట్రుకలా?"

"నవ్వకు. పాటగాళ్ల పిల్ల అని తెలిస్తే ఆ పీటల మీద నా కూతురు కూర్చోదు. నీకు తెలీదా? నిన్ను చూసి చప్పట్లు కొడతారు. నువ్వు తాగిన గ్లాసు మాత్రం పక్కన పెట్టిస్తారు."

"వాళ్లు పక్కన పెట్టిస్తే నాకేం బాధ లేదు. నేనూ వాళ్ల గ్లాసు ముట్టను. నువ్వు పెట్టావే పక్కన, అది చెప్పు."

"మీ నాన్న పోయారని నాకు ఆలస్యంగా తెలిసింది, ఎతాగెన్."

"మీ నాన్నా?"

"అదే... నోరు జారింది."

"జారలేదు, బాగానే కూర్చుంది. సరే, మా నాన్నే. ఆయనకి ఒక్కతే కూతురు. నలభయ్యో రోజు అన్నాలకి కూడా ఇంకొకత్తె రాలేదు."

"పిల్లకి జ్వరం."

"ఆరేళ్లయింది. తగ్గిందా?"

"నీ కాళ్లు పట్టుకోమంటావా?"

"వద్దు, ఖరీదైన బట్టలు నలుగుతాయి. నీకేం కావాలో చెప్పు, మళ్లీ తీగ బిగిస్తున్నాడు మా ఆయన."

"మా బల్ల దగ్గరికి రాకు."

"రాకపోతే నీ వియ్యంకుడే పిలుస్తాడు. ఇందాకటి నుంచీ గొంతు సవరించుకుంటున్నాడు. పాదం ఇవ్వాలని మహా సరదాగా ఉంది ఆ పెద్దమనిషికి."

"అయితే వచ్చి నా మీద ఏమీ కట్టకు."

"నేనెప్పుడు కట్టాను? ఇంట్లో పాదాలు కట్టింది నువ్వు. నాన్న మొదటిది అనేవాడు, నువ్వు రెండోది అనేదానివి, నేను చింపిరి జుట్టేసుకుని వెనకాల అందుకునేదాన్ని. ఇప్పటికీ అదే పని. ఎవరైనా పాదం ఇచ్చి 'అందుకో' అన్నారంటే అందుకోవాలి. ముద్దయినా తిట్టయినా ఇచ్చింది ఇచ్చినట్టు పాడాలి. సొంత మాట కలపకూడదు. మరిచావా?"

"అన్నీ మరిచాను."

"నీ వేలు మరవలేదు. ఇందాక చూశాను. ఆయన తీగ మీద కమాను పెట్టకముందే నీ వేలు బల్ల మీద తాళం వేస్తోంది. పంతులుగారి కూతుళ్లు అలా వెయ్యరమ్మా. చెయ్యి తొడ కింద పెట్టుకు కూర్చో."

"నా పేరు ఎత్తనని ఒట్టు వెయ్యి."

"దేని మీద? నాకు అక్క లేదు. ఆవిడ మీద ఒట్టు."

ముందు గది. మసింకో మోగుతోంది. కాబోయే వియ్యంకుడు లెగెస్సె బల్ల ముందుకు వచ్చి నిలబడింది లోమీ.

"రా రా, నిమ్మకాయా! ఇందాకటి నుంచీ ఆ తెల్లవాళ్ల దగ్గరే తిరుగుతున్నావు. మాది హవాసా. మాకూ చెవులున్నాయి. చెల్లెమ్మా, వచ్చారా? ముఖం అంత తెల్లబోయిందేంటి?"

"తెజ్ పడలేదు అన్నయ్యగారూ. పొద్దుపోయింది, వెళ్దామా?"

"ఇప్పుడే కదండీ మొదలైంది! గైడు చెప్పాడు, ఇక్కడ పాదం ఇచ్చినవాడే రాజట. మనం ఎంత మాటంటే అంత మాటా వీళ్లు తిరిగి అనాల్సిందే. ఇంట్లో నా పెళ్లాం కూడా అలా వినదు. ముందు మీ మీదే ఇస్తాను. ఊఁ, కాచుకో నిమ్మకాయా!

గుడి బడిలో పాఠం చెప్పిన గొప్పవాడు ఆమె అయ్య,
దావీదు కీర్తన దిద్దించిన దేవుడంటి ఆమె అయ్య. అందుకో!"

"గుడి బడిలో పాఠం చెప్పిన గొప్పవాడు ఆమె అయ్య,
దావీదు కీర్తన దిద్దించిన దేవుడంటి ఆమె అయ్య."

"చూశారా చెల్లెమ్మా! మీ నాన్నగారి పేరు పాటగత్తె నోట కూడా పవిత్రంగానే ఉంది. మీరు తల దించుకుంటారేంటి? పెద్దింటి పిల్లలంతే, పొగిడితే సిగ్గు."

"చాలండీ. ఆమెని పంపించెయ్యండి."

"ఉండండి, అసలు వేడుక ఇప్పుడుంది. తిట్టినా పాడుతుందో లేదో చూద్దాం. ఏయ్ నిమ్మకాయా, నీ అయ్య కూడా ఈ మేళమేనా?"

"మేళమే దొరా."

"అనుకున్నాను. వీళ్లకి వంశమంటే ఒక పెట్టె, ఒక తీగ. అందుకో మరి!

గుర్రం తోక పెట్టెకి కట్టి గోకేవాడు నీ అయ్య,
గంజి పోసిన గడపలకల్లా మొక్కేవాడు నీ అయ్య!"

"గుర్రం తోక పెట్టెకి కట్టి గోకేవాడు మా అయ్య,
గంజి పోసిన గడపలకల్లా మొక్కేవాడు మా అయ్య."

"అబ్బ! నవ్వుతూ పాడింది చూడండి! రోషం ఏమాత్రం ఉండదు వీళ్లకి. మన ఇళ్లల్లో ఎవరైనా తండ్రిని అంటే కత్తులు లేస్తాయి."

"అన్నయ్యగారూ, పోయినవాళ్లని..."

"పోయాడని మీకెలా తెలుసు?"

"ఊరికే అన్నాను. ఆమె వయసు చూసి."

"పోతే పోయాడు లెండి, మనకేం మైలా? ఇంకోసారి, నిమ్మకాయా, ఇంకోసారి. మా ఆవిడ వినలేదట."

"గుర్రం తోక పెట్టెకి కట్టి గోకేవాడు మా అయ్య,
గంజి పోసిన గడపలకల్లా..."

"ఆగాగు! ఎవరది వెనక గొంతు కలిపింది? మహ్లెత్, నువ్వేనా తల్లీ? అయ్యో, కళ్లు మూసుకుని మరీ పాడుతున్నావే! చెల్లెమ్మా, ఇదెక్కడి గొంతండీ, అచ్చం ఆ పాటగత్తెకి జోడీలా ఉంది!"

"చిన్నపిల్ల. పాట చెవిన పడితే కూనిరాగం తీస్తుంది."

"మీ ఇంట్లో ముద్దొస్తుందేమో. మా ఇంటికొచ్చాక ఆ రాగాలు కట్టిపెట్టాలి. విన్నావా అమ్మాయీ? మా కోడళ్లు పెదవి కదిపితే ప్రార్థనకే. ఇలా గొంతెత్తితే ఏ అజ్మారీ సంతానమో అనుకుంటారు చూసినవాళ్లు. పోనీలే, ఏడవకు, మంచికే చెప్పాను. చెల్లెమ్మా, పిల్లకి బుద్ధి చెప్పండి."

"చెబుతాను."

"ఇంటికెళ్లాక కాదు. ఇక్కడే, పాటలోనే చెప్పండి, సరదాగా ఉంటుంది! మీరూ ఒక పాదం ఇవ్వండి. పంతులుగారి కూతురు, ఆమాత్రం రాదా? నా పాదం ఎలా ఉంది, ముందు అది చెప్పండి."

"రెండోది కుంటింది."

"ఏంటీ?"

"మీ పాదం అన్నయ్యగారూ. రెండో దాంట్లో మాట ఎక్కువై తాళం మీద పడలేదు. ఆమె సర్దుకుని పాడింది."

"అబ్బో! బల్ల మీద ఆ వేలు చూడండి, ఎంత ఠీవిగా కొడుతున్నారో! అయితే మీరే సరిచెయ్యండి. నిమ్మకాయా, చెవులు పెట్టు, పంతులమ్మగారు పాదం ఇస్తున్నారు! నీ అయ్యకి రెండో మంగళహారతి!"

"ఇవ్వండి అమ్మగారూ. మీరేమన్నా అందుకుంటాను. ఒట్టు వేశాను కదా."

"గుర్రం తోకతో గుండెలు మీటి గడపలు నింపెను మన అయ్య,
గంజే తాగి ఇద్దరు బిడ్డలకి గానం పంచెను మన అయ్య."

"తప్పు, తప్పు! చెల్లెమ్మా, తెజ్ ఎక్కింది మీకు. 'నీ అయ్య' అనాలి. 'మన అయ్య' ఏంటి, మధ్యలో మీరెక్కడ?"

"సరిగ్గానే అన్నాను అన్నయ్యగారూ. అందుకో, ఎతాగెన్."