మీ తాత పోసిన సిమెంటు అరలు

“మామ్మా, హాలుకీ వంటగదికీ మధ్యనున్న ఈ గోడ తీసేద్దామనుకుంటున్నాను. గోడతోపాటు ఈ సిమెంటు అరలు కూడా పోతాయి మరి. అసలివి ఎవరు కట్టారు, ఇంత వంకరగా?”

ఎవరు కట్టినారా? అదిగో, గుమ్మంకాడ సెవిటోడిలాగ కూకున్నాడే, ఆయనగారే. మీ తాత. ఇనబడనట్టు నటిస్తాడు గానీ అంతా ఇంటాడు. సూడు సూడు, సెవి ఇటే తిప్పినాడు. వంకరంతే వంకరే మరి, పడవ నడిపీవోడు గోడ కడితే ఎలగుంటాది? ఆ మూడో అరలో నూని సీసా ఈ పక్కన పెడితే మర్నాటికి ఆ సివర ఉండీది. నాను మళ్ళీ ఇటు జరిపీదాన్ని. ఇన్నేళ్ళూ నాకదే పని.

ఫోనక్కడెందుకెట్టినావు? రికార్డా? మంచిది, ఉండనీ. మీ తాత పరువు పోయీ మాటలన్నీ పక్కాగా అందులో పడతాయి.

మొన్న నువ్వే కదే సూపించినావు. ఎక్కడో ఇదేశాల్లో వందేళ్ళ కిందటే ఇనప గొట్టాలొంచి కుర్చీలు సేసినారని, గోడలకి పూత పుయ్యకుండా ఉత్త సిమెంటు అలగే వదిలీడం పెద్ద గొప్పని. నాను నవ్వితే మూతి ముడుసుకున్నావు. నవ్వక ఏటి సెయ్యాల? ఈ అరలకీ పూత నేదు కదా. వచ్చే నెల పూస్తాను, పై నెల పూస్తాను అని మీ తాత ఇన్నేళ్ళూ గడిపీసినాడు. అలగనుకుంటే ఈయన కూడా గొప్పోడే. ఇంకోటేటది... మినిమలా? ఇంట్లో సామాన్ కనబడకూడదని? ఒలమ్మ, మా పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో అసలు సామానే నేదు. ఎవరూ వచ్చి ఫొటో తియ్యనేదు మరి.

కోప్పడకే. నీ ఇళ్ళు గీసీ పనికి వంకెడతన్నానా? సిప్పీఘాట్‌లో ఆ టీచరమ్మ ఇల్లు... కాదు కాదు, షాదీపూర్‌లో, నువ్వు సేసినావు కదా, ఆ ఇంట్లో గాలెంత బాగొస్తందో. సూడ్డానికని వచ్చి నాను అక్కడే కునుకు తీసీసినాను. టీచరమ్మ టీ పెట్టి లేపింది. ఇల్లు బాగుందని నోటితో సెప్పనేదు గానీ, బాగోకపోతే పరాయోళ్ళింట్లో నిద్దరెలగొస్తాది?

నా గొడవ అది కాదు. నా గొడవ నీ మంచం.

అదే, నువ్వు వచ్చిన కొత్తలో తెప్పించుకున్నావు కదా, అట్టపెట్టిలో ఓడ మీదొచ్చింది. సిన్న వంకర ఇనప పుల్లెట్టి గిరగిర తిప్పి బిగించీసినావు. అంతవరకూ బాగానే ఉంది. బిగించి ఏటన్నావు? “ఎక్కడికి షిఫ్టయినా విప్పుకొని పట్టుకెళ్ళిపోవచ్చు మామ్మా” అన్నావు. అప్పట్నించీ నాకదే బెంగ. వైజాగ్‌లో సదువైపోయింది, ఉజ్జోగమూ అక్కడే సేసినావు, వచ్చి ఇంకా ఆర్నెల్లు కానేదు. ఉంటావా, మళ్ళీ పోతావా అనడిగితే “చూద్దాం మామ్మా” అంతావు. మీ నాన్న అడగడు, మీ అమ్మ అడగదు, అడిగితే ఎక్కడ పోతానంతావో అని ఆళ్ళ బయం. నువ్వుంటావా పోతావా, నాకదొక్కటే కావాల. ఇప్పుకొని పట్టుకెళ్ళీ మంచం సంగతి నాకు బాగా తెలుసు గుంటా. నాను తొంగున్నదే అలాటి మంచం మీద.

ఇను మరి. మీ తాత నన్ను మనువాడి ఈ అండమాన్‌కి ఓడెక్కించినప్పుడు ఏటి సెప్పినాడు? రెండేళ్ళన్నాడు. రెండేళ్ళు వేట సేసి, నాలుగు డబ్బులు ఎనకేసి, మన ఊరెల్లిపోదామన్నాడు. ఊరంతే శ్రీకాకుళం అవతల, సముద్రమొడ్డున. రెండేళ్ళయినాయి, ఇంకో రెండేళ్ళయినాయి. అయినా మనిసి మాత్రం ఎప్పుడూ ఓడెక్కడానికి తయారే. ఈ జాగా దొరికి, దీని మీద సెక్కిల్లు ఏసుకున్నాక కూడా ఆయనది ఒకటే మాట, ఓడెక్కనిదేదీ ఇంట్లోకి రాకూడదు. గోడకి మేకు కొట్టకూడదు. సెక్క పాడైపోద్దంట, రేపు అమ్మీటప్పుడు ధర తగ్గిపోద్దంట. దేవుడి పటం కూడా నేల మీదే, గోడకి ఆనించి ఉండీది. పాపం ఆ దేవుడూ మాతోపాటే టికెట్టు కోసం కూకున్నాడు.

మంచం తనే సేసినాడు. పడాక్ సెక్క, ఎర్రగా ఉంటాది, ఇనుములాగ బరువు. కోళ్ళూ పట్టెలూ అన్నీ తనే సెక్కుకున్నాడు, ఒక్క మేకు నేదు, అన్నీ సెక్క సీలలే. సీలలూడగొట్టి నవారు సుట్టీస్తే మంచం కాస్తా కట్టెలమోపు. బల్లా అంతే, గిన్నెల స్టాండూ అంతే. నీ మంచం ముక్కల మీద ఏ, బీ, సీ అని రాసున్నాయి కదా? మాకిద్దరికీ అచ్చరం ముక్క రాదాయె. అందుకని మీ తాత ప్రతి కాలు మీదా సేప బొమ్మ సెక్కినాడు. కానాగంత బొమ్మున్న పట్టె కానాగంత బొమ్మున్న కాల్లోకి, సందువది సందువలోకి. తెలివైనోడే, కాదన్ను. మగర్ ఆ బొమ్మలు సూడాల నువ్వు! వంజరమూ సొరా ఒకేలాగ సెక్కినాడు. ఎప్పుడు బిగించినా అవి రెండూ తారుమారే. తల పక్క కిందకీ, కాళ్ళ పక్క పైకీ. ఆ మంచం మీద తొంగుంటే పడవ ముంజూపు మీద, అదే ముందు కొస మీద, తొంగున్నట్టే ఉండీది. ఏటి మావా, నవ్వుతున్నావు? ఇనబడదన్నావు కదా?

అదీ పర్వానేదు. మీ నాన్న పుట్టినప్పుడు నాను ఒక్కటంతే ఒక్కటడిగినాను. దూలానికి కొక్కెం ఏసీ మావా, పిల్లోడికి ఉయ్యాల కట్టుకుంటాను అని. ఊహూఁ. దూలానికి కన్నం పడతాదంట. ఊరెల్లినాక మనింట్లో కడతాన్లే అన్నాడు. ఈలోగా నాలుక్కాళ్ళ ఉయ్యాల సేసిచ్చినాడు, అదీ ఇప్పీదే. ఆ ఉయ్యాల ఊగీది కాదే తల్లీ, నడిసీది. ఆ మూల పెట్టి ఊపడం మొదలెడితే పిల్లోడు నిద్దరోయీ సరికి గుమ్మంకాడకి వచ్చీసీది. పక్కింటి బంగాలీ దీదీ సూసి పడీ పడీ నవ్వీది. “నూకాలూ, తేరా బేటా పైదల్ హీ జెట్టీ జారహా హై” అనీది, నీ కొడుకు నడిసే జెట్టీకి పోతన్నాడని.

ఇప్పుడు నవ్వుతున్నాను గానీ, అప్పుడు ఏడిసీదాన్ని. నిజంగానే ఏడిసీదాన్ని. ఆడదానికి ఇల్లంతే ఏటే? ఇది నాది, ఇక్కడ నా గిన్నుంటాది, రేపొచ్చి సూసినా ఇక్కడే ఉంటాది అనుకోవాలి కదా. నాకా ముచ్చట నేదు. ఏదైనా కొనుక్కుందామంతే ఊరెల్లాక అనీవోడు. నాను ఎర్ర పూల పింగాణి గిన్నెలు అడిగినాను, బజార్లో ఎంత సౌకయినవో, ధర సెప్తే ఇప్పుడు నవ్వుతావు. ఓడలో పగిలిపోతాయన్నాడు.

అలగ అలగ మీ నాన్నకి ఐదేళ్ళో ఆరేళ్ళో వచ్చినాయి. ఓ రోజు మీ తాత టికెట్లు పట్టుకొచ్చీసినాడు. సీలలన్నీ టకటకా ఊడగొట్టినాడు, మంచం, బల్ల, స్టాండు, అన్నీ మోపులు కట్టినాడు. ఇంటి తాళం దీదీ సేతిలో పెట్టి, బేరమొస్తే అమ్మీండి అని సెప్పినాడు. నాను ఓడెక్కి సెల్లులర్ జైలు గోడలు కనబడినంత సేపూ ఇటే సూసినాను. నాకెందుకంత దిగులో నాకే మాలూమ్ నేదు.

ఊరెల్లినాం. మీ పెద్దతాత, అదే మీ తాత అన్నగారు, బాగానే సూసినాడు, అబద్దమెందుకు సెప్పాల. మగర్ ఇల్లు సిన్నది, ఆళ్ళకే సాలదు. మంచం బిగించడానికి జాగా ఏదీ? మోపులు మోపులుగానే వసారాలో పడున్నాయి. మా తోటికోడలు బల్ల సెక్కల మీద నెత్తళ్ళ సేపలు ఆరబెట్టీసింది. పట్టెల మీద వలలేసీసినారు. నాను కొళాయికాడకెల్తే “అండమానోళ్ళొచ్చినారు” అనీవోళ్ళు. ఇక్కడేమో అందరూ శ్రీకాకుళమోళ్ళు అనీవోళ్ళు. మీ తాత రోజూ ఆ మోపుల మీద కూకొని బీడీ కాల్చుకునీవోడు. ఇల్లు కడదామని నోరు తెరిసి ఒక్కసారీ అననేదు.

ఓ రోజు అందరం కూకొని కూడు తింటన్నాం. మీ నాన్న తల పైకెత్తి, “నాన్నా, హమ్ ఘర్ కబ్ జాయేంగే?” అన్నాడు, మనింటికెప్పుడెల్తామని. బుజ్జిముండ, ఆడికి కోపమూ నేదు, ఏడుపూ నేదు, ఊరికే అడిగినాడంతే. మా తోటికోడలికి హిందీ రాదు. “ఏటంతన్నాడే?” అని నన్నడిగింది. కూర బాగుందంతన్నాడక్కా అని సెప్పీసినాను. ఆవిడ సంబరపడిపోయి ఆడికి ఇంకో గరిటేసింది. మీ తాత సేతిలో ముద్ద సేతిలోనే ఉండిపోనాది. ఇన్నేళ్ళూ ఇంటికెల్దాం ఇంటికెల్దాం అన్నది ఆయన కదా. పిల్లోడు ఏ ఇల్లడుగుతున్నాడో తెలిసీసరికి మనిసి మరి తినలేకపోనాడు.

మర్నాడు పొద్దున్నే సూస్తే ఆ పట్టెలన్నీ సముద్రంకాడ ఏసి ఇసకెట్టి తోముతున్నాడు. నెత్తళ్ళ వాసన పోవాలి కదా. ఏటి మావా ఇది అనడిగితే, “పద, ఎల్లిపోదాం” అన్నాడు. అంతే. నాకు ఎగిరి గెంతాలనిపించింది, అంతలోనే ఆయన మొకం సూసి జాలేసింది. నాను ఇంకో పక్కనించి తోమినాను.

మళ్ళీ ఓడెక్కి వచ్చి సూసీసరికి ఇల్లు అలగే ఉంది. అమ్ముడవ్వనేదా దీదీ అని అడిగితే ఆవిడ ఒకటే నవ్వు. బేరానికొచ్చిన పెతోడికీ కప్పు కారతాది, పాములొస్తాయి అని సెప్పి తోలీసిందంట! “ముఝే మాలూమ్ థా, తుమ్ లోగ్ ఆవోగే” అంది, మీరొస్తారని నాకు ముందే తెలుసని. మీ తాత ఆవిడ మీద కోప్పడాలో, దండం పెట్టాలో తెలీక తల గోక్కున్నాడు.

వచ్చి రెండు రోజులైనా కానేదు. ఎక్కడినించి తెచ్చినాడో సిమెంటు బస్తాలు, ఇసక, బ్లాకులు. ఇదిగో ఇక్కడుండీ సెక్క గోడ పీకి అవతల పారీసినాడు. మేస్త్రీని పిలవరా నాయనా అని సెప్తే, నాకు రాదా అన్నాడు. రాదని నాకు తెలుసు, దీదీకి తెలుసు, మన జంగ్లీఘాట్ పేట మొత్తానికి తెలుసు! నాను అడిగింది ఒక్క కొక్కెమే కదా, అది ఇవ్వనోడు ఏకంగా గోడ కట్టి, దానికి అరలు పోసీసినాడు. తడి ఆరకుండానే గిన్నెలు పెట్టు, గిన్నెలు పెట్టు అని నా పేణం తోడీసినాడు. అందుకే ఆ రెండో అర మద్దిలో దిగిపోయుంటాది, సూసినావా? ఆ రోజు నాను గిన్నెలు సద్దుకుంటూ ఎంత ఏడిసినానో. సంతోసంతోనే. ఈ ఇంట్లో కదలని సామాన్ అంతే అదే మొదటిది.

ఇప్పుడు నువ్వొచ్చి కొట్టీస్తానంతన్నావు. వద్దు అనడానికి నోటి సివరదాకా వచ్చింది, సెప్పీస్తన్నాను. పోయీ పిల్లకి ఈ గోడెందుకు అడ్డమొచ్చింది అనిపించింది.

సరే, కొట్టీసి ఏటి పెడతావు? అది సెప్పు ముందు. ఈ కాయితమేటి, నాకర్దమవదే. బెంచీయా? ఇక్కణ్ణించి ఆ కిటికీ దాకా? ఇంత పొడుగా? సెక్కేనా? ... సిమెంటా? నేల్లోంచే పోసీస్తావా? మరి షిఫ్టయితే అదెలగ ఇప్పుతావే?

“ఎందుకు విప్పుతాను మామ్మా? నా ఆఫీసు ఇక్కడే పెడుతున్నాను. ఇళ్ళ పని మీద వచ్చినవాళ్ళు దాని మీదే కూర్చుంటారు.”

ఆగు. మళ్ళీ సెప్పు. ఫోన్లో బాగా పడనీ. ఇన్నావా మావా? ఇనబడనట్టు కూకోకు, కళ్ళెందుకు తుడుసుకుంటన్నావు మరి?

అయితే కొట్టీయే తల్లీ! ఇంకా నన్నడుగుతావేటి? గోడ కొట్టి సిమెంటు పోసుకునీవోళ్ళు ఎక్కడికీ పోరు, నాకు తెల్దా? మంచం ఇప్పుకో, బిగించుకో, నీ ఇష్టం. నీ బెంచీ వంకర నేకుండా రావాల. దాని మీద నీ పిల్లలు సీమిడి ముక్కులేసుకొని దొర్లాల. దిగండ్రా, సుట్టాలొచ్చినారు అని ఆళ్ళని తిట్టుకుంటా తిట్టుకుంటా నువ్వు ఇక్కడే, ఈ జంగ్లీఘాట్‌లోనే, నాలాగ ముసిల్దానివైపోవాల. పో, సుత్తి తే. మొదటి దెబ్బ మీ తాత సేత ఏయించు. కట్టినప్పటి జోరు ఇంకా ఉందో నేదో సూద్దాం.