కోటు రెండో చెయ్యి

నా వయస్సు డెబ్బై మూడేళ్ళు. వృత్తి దర్జీ పని. చూపు ఆనక తొమ్మిదేళ్ళ క్రితం మానేశాను. మీ ఎదుట కూర్చున్న ఈ శరీరం నాది కాదు, మా చెల్లెలిది. దీనికి యాభై రెండేళ్ళు. ఆమె ఇంటింటికీ ఉత్తరాలు పంచేది. అమ్మ పోయాక ఆమెను పెంచింది నేనే.

ఒక్కసారి మళ్ళీ మిషన్ మీద కూర్చోవాలని ఉందని నేనే అన్నాను. "దానికేం భాగ్యం అక్కా, సెలవు రోజు ఒక పూట నా ఒళ్ళు తీసుకో. నీ మంచం మీద హాయిగా పడుకుంటా, నాకూ నడక తప్పుతుంది" అని నవ్వింది.

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు దేహ మార్పిడి కేంద్రానికి వెళ్ళాం. ఫారంలో ఛాతీ నొప్పి వస్తుందా అని ఉంది. లేదని రాశాను. నాలుగు నెలలుగా వస్తోంది. నిజం రాస్తే ఒప్పుకోరని తెలుసు. ఆ సంగతి చెల్లెలికి కూడా చెప్పలేదు.

పదింపావుకు మార్పిడి అయింది. సాయంత్రం నాలుగింటికి తిరిగి రావాలన్నారు. ఆమె నా శరీరంతో నా గదికి వెళ్ళింది. నేను పూర్వం పనిచేసిన కొట్టుకు వెళ్ళాను. కొట్టు యజమాని ఒక కోటు నా ముందు పెట్టాడు. సూదిలో దారం మొదటిసారికే ఎక్కింది. తీసి మళ్ళీ ఎక్కించాను. అలా ఐదుసార్లు ఎక్కించాను.

మూడు ఇరవైకి చెల్లెలు ఫోన్ చేసింది. ఫోనులో వినిపించింది నా గొంతే.

"అక్కా, ఛాతీలో పట్టేసినట్టుంది. ఎడమ చెయ్యి లాగుతోంది. నీకెప్పుడైనా ఇలా ఉంటుందా?"

అప్పటికి కోటు ఒక చెయ్యి కుట్టాను. రెండోది మిగిలి ఉంది.

"గ్యాసేలేవే. గోరువెచ్చటి నీళ్ళు తాగి పడుకో. వచ్చేస్తున్నా" అన్నాను.

"సరే అక్కా" అంది. నా మాట ఎన్నడూ జవదాటలేదు.

నోరు జారి అన్నది కాదు. అది గ్యాస్ కాదని నాకు తెలుసు. రెండో చెయ్యి కుట్టాను. గుండీలు కూడా కుట్టాను. గుండీలు కుట్టమని ఎవరూ అడగలేదు.

నాలుగూ నలభైకి గది తలుపు తీశాను. మంచం మీద నా శరీరం గోడవైపు తిరిగి ఉంది. పక్కన గ్లాసులో నీళ్ళు సగం తాగి ఉన్నాయి. ఊపిరి లేదు. ఇక తిరిగి మారడానికి వీల్లేదని కేంద్రం వాళ్ళు చెప్పారు.

ఆరింటికి చెల్లెలి కూతురు వచ్చింది. పెద్దమ్మ పోయిందని మాత్రమే ఆమెకు ఎవరో చెప్పారు. "అమ్మా" అంటూ వచ్చి నన్ను పట్టుకుంది.

"నేను పెద్దమ్మనే. పోయింది మీ అమ్మ" అన్నాను. ఫోనులో అన్న మాట కూడా చెప్పాను.

చేతులు వదిలేసి గుమ్మం దాకా వెళ్ళింది. చాలాసేపటికి వెనక్కి వచ్చింది. "కాసేపు మాట్లాడకు పెద్దమ్మా. నువ్వని తెలిసిపోతుంది" అని నా భుజం మీద తల పెట్టుకుంది.

నేను మాట్లాడలేదు.

పై సంగతులన్నీ ఎవరి ఒత్తిడీ లేకుండా చెప్పాను. చదివి వినిపించగా విన్నాను. అన్నీ నిజమే. ఒక్క మాటా మార్చవద్దు.

సంతకం నాది. వేలిముద్ర మా చెల్లెలిది.