గజానికి బెత్తెడు

"మస్తాన్ తాతా, మన కాలేజీకి పరుగుపందెంలో మొదటి మెడల్ ఎట్టా వచ్చింది?"

మెడలా? అది అందరూ అడిగేదేలే అమ్మాయ్. కోటేశ్వరి తెచ్చింది, ఎనిమిదొందల మీటర్లలో మూడోదిగా వచ్చి. మాచర్లలో ఎవర్నడిగినా చెబుతారు. అంతకు ముందేడు అదే పిల్ల గుంటూరులో ఆఖర్న ఎందుకొచ్చిందో, అది మటుకు ఒక్కళ్ళూ అడగరేం? ఆ ఫోను ఇంకాస్త దగ్గర పెట్టు, నా గొంతు సరిగా పడదు. ఆఁ. కొత్తగా వచ్చిన పీడీవి, పిల్లోళ్ళకి ఆటలు నేర్పేదానివి, నీకు తెలియాల.

ముప్పై ఏళ్ళు ఆ గ్రౌండు పని నాదే గదా. మొదట్లో గ్రౌండేంది, ఉత్త చిల్లకంపా, నాపరాళ్ళూ. మా పీడీ సారు చానా మంచోడు, కోపం మటుకు ముక్కు మీదుండేది. "మస్తానూ, నాలుగొందల మీటర్ల ట్రాకు గియ్యి" అన్నాడు. "మీటరంటే ఎంత సారూ?" అన్నా. "గజం లాంటిదేలేరా" అన్నాడు. అంతే! మా మామ కాడ మిరప సాళ్ళు కొలిచే తాడుండేది, గజానికో గుడ్డపేలిక కట్టి. మామంటే మా ఇంటిది జాన్బీ వాళ్ళ నాయన. ఆమె చేతి చింతచిగురు మాంసం తినాలమ్మా, అసలు... సర్లే, ఎటో పోతన్నా. ఆ తాడు తెచ్చి నాలుగొందల గజాలు లెక్కెట్టి సున్నం పోశా.

ఇంక చూస్కో, మన పిల్లోళ్ళు పరిగెత్తుతుంటే సారు వాచీ చూసి ఎగిరి గంతేసేవాడు. అందర్లోకీ కోటేశ్వరి. దుర్గి పిల్ల. వాళ్ళ నాయన ఆచారి, రాతి బొమ్మలు చెక్కుతాడు. ఆడపిల్లకి పరుగులేందని ఊళ్ళో నవ్వుతుంటే ఆయన తెగేసి చెప్పాడు, "గుంటూరు పోటీల్లో గెలిస్తే చదువు, లేదంటే ఇంటికొచ్చెయ్" అని.

గుంటూరుకి సామాను మోసుకుని నేనూ పొయ్యా. అబ్బో, రెండో రౌండు ఆఖరి మలుపు దాకా మన పిల్లే ముందు! మలుపు తిరిగి గీత కనపడతా ఉండంగా ఉన్నట్టుండి కాళ్ళు తేలిపొయినై. ఒక్కొక్కళ్ళే దాటుకుని పొయ్యారు. సారు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. పోటీ చూడొచ్చిన ఆచారి అటునించటే పిల్లని ఊరికి తీసకపొయ్యాడు. ఇంక కాలేజీకి పంపడని కబురొచ్చింది తర్వాత.

నాకేమో ఆడే బుర్ర దొలిచేస్తంది. అట్టా పడిపోయే పిల్ల కాదే, ఏందిది? జనం పొయ్యాక ఆ ట్రాకు మీద నడిచా. సున్నం పోసీ పోసీ మన ట్రాకు నా కాళ్ళకి తెలుసు, నాలుగొందల అరవై అంగలు. ఆడ నాలుగొందల అరవై అయినై, గీత రాలా. ఐదొందలైనై, ఇంకా రాలా! యా అల్లా అనుకున్నా. ఆడి గ్రౌండాయన్ని అడిగితే టేపు తీసి చూపించాడు. గజం కన్నా మీటరు బెత్తెడు ఎక్కువంట. బెత్తెడేగా అంటావ్. రెండు రౌండ్లకి ఎనిమిదొందల బెత్తెళ్ళమ్మా! అంత దూరం ఆ పిల్ల ఏనాడూ ఒక్క బిగిన పరిగెత్తలా. రెండ్రోజులు నాకు అన్నం సహించలా.

దుర్గి పొయ్యా. ఆచారి పందిట్లో కూర్చుని వినాయకుణ్ణి చెక్కుతున్నాడు. "తప్పు పిల్లది కాదయ్యా, నాది" అని తాడు సంగతంతా చెప్పేశా. కొడతాడేమో అనుకున్నా. ఉలి కింద పెట్టాడు. "గజానికి బెత్తెడా? నీ కొలత తగలెయ్య! నేను బెత్తెడు తప్పితే ఈ సామికి తొండం ఉండాల్సిన కాడ బొజ్జ ఉంటది గదయ్యా!" అని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలా, ఏడుపొచ్చింది.

కోటేశ్వరి గుమ్మంలో నిలబడి అంతా ఇంటంది. నేను తలెత్తలా. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి ఒక్కటే అడిగింది.

"మస్తాన్ మామా, మన గ్రౌండైతే పరుగు అయిపోయే చోటుంది గదా, ఆడికి ఎవరు ముందున్నారు?"

"నువ్వేనమ్మా" అన్నా. "నీ ముందు ఒక్కళ్ళు లేరు."

వాళ్ళ నాయన వంక చూసింది. ఆయన మళ్ళీ ఉలి తీసుకుని, తల ఎత్తకుండానే, "ఇంకా నిలబడ్డావేందే? పొద్దున బస్సు తప్పిపోద్ది, పుస్తకాలు సర్దుకో" అన్నాడు.

అదమ్మా సంగతి... నువ్వు సల్లగుండాల తల్లీ, నీ పిల్లోళ్ళూ సల్లగుండాల. ఆఖర్న వచ్చినోళ్ళని మటుకు తిట్టమాక...