ఎద్దు గీసిన కాలిబాట

లిటిల్ హాడెన్‌లో ఊరి హాలు కప్పు కారుతోందని, కాలిబాట విచారణని 'నాగలి' అనే పబ్బులోకి మార్చారని తెలియగానే మేవిస్ గుండెల్లో రాయి పడింది. ఇంకెక్కడైనా ఫర్వాలేదు. చర్చిలో అయితే నాన్న తల దించుకుని కూర్చుంటాడు, బడిలో అయితే అసలు నోరే విప్పడు. కానీ నాగలి పబ్బులో, చలిమంట పక్కన, ఏళ్ల తరబడి కూర్చుని కూర్చుని ఆయన ఒంటికి తగ్గట్టు సొట్టపడిపోయిన ఆ కుర్చీలో పడ్డాక ఆంబ్రోస్ పికెట్ మాటలు కోటలు దాటకుండా ఎవడాపుతాడు?

"నాన్నా, మూడే ముక్కలు," అని పొద్దున ఆయన కోటు బొత్తాలు పెడుతూ చెప్పింది. "నడిచాం. ఎవర్నీ అడగలేదు. ఎవరూ ఆపలేదు. అంతే."

"అంతేగా. నేనేమన్నా చిన్నపిల్లాణ్నా?" అన్నాడాయన. ఆ మాటకే ఆమెకి సగం ప్రాణం పోయింది.

సంగతేంటంటే, ఊరి నుంచి బడికి దొరగారి పచ్చిక మీదుగా ఒక కాలిబాట ఉంది. దొర పోయాడు, భూమి చేతులు మారింది, కొత్తాయన గేటుకి తాళం బిగించాడు. అప్పట్నుంచి పిల్లలు లారీలు తిరిగే రోడ్డు అంచునే బడికి పోతున్నారు. కిందటి నెల ఓ లారీ పక్కద్దం తగిలి మేవిస్ కూతురు జూన్ గోతిలో పడింది. చెయ్యి విరిగింది. కట్టింకా విప్పలేదు. రేపు కట్టు విప్పితే మళ్లీ ఆ రోడ్డు మీదే పంపాలి.

కౌంటీ నుంచి వచ్చిన ఆఫీసరు ఫార్న్ గారు ముందే విడమర్చి చెప్పాడు. జనం అందరి కళ్లముందూ, ఎవరి అనుమతీ లేకుండా ఏళ్లకేళ్లు నడిచుంటే బాట ఊరిది. దొర పిలిచి 'సరే, నడవండి' అనుంటే మాత్రం అది దొర దయ. ఆ దయ దొరతోనే పోయింది, తాళం ఉంటుంది.

"అంటే అడిగి నడిచినోడికి హక్కు లేదు, అడక్కుండా నడిచినోడికి ఉందా?" అని పబ్బు నడిపే లెన్ నోరెళ్లబెట్టాడు.

"అంతే," అన్నాడు ఫార్న్.

దొర పడుచువాడిగా ఉన్న రోజుల్లో ఆ బాటలో బడికెళ్లినవాళ్లలో ఊళ్లో మిగిలింది ఇద్దరే. ఒకరు ఆంబ్రోస్, ఒకరు ఆయన అక్క హెట్టీ. తమ్ముడు చెప్పడం అయ్యాక ఆమె వంతు. ఇద్దరూ చెరో మాట చెప్పారంటే ఇద్దరి మాటా గాల్లో కలిసినట్టే.

ఆంబ్రోస్ గొంతు సవరించుకున్నాడు. "నాకప్పుడు ఆరేళ్లండీ. రోజూ ఆ బాటలోనే బడికి. ఎవర్నీ అడగలేదు, ఎవరూ ఆపలేదు."

మేవిస్ ఊపిరి పీల్చుకుంది. అక్కడితో ఆగుంటే అయిపోయేది. కానీ లెన్, పాపం అలవాటు కొద్దీ, పెద్ద గ్లాసుడు బీరు తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

ఆంబ్రోస్ ఓ గుక్క తాగి మీసం తుడుచుకున్నాడు. "ఆపలేదంటే, మనుషులు ఆపలేదు. ఎద్దు ఆపింది."

"అయిపోయాం," అనుకుంది మేవిస్.

"దొరగారి ఎద్దండీ. అది తుమ్మిందంటే చర్చి గంట దానంతటదే మోగేది. ఓ రోజు పొద్దున్నే, మంచు మోకాళ్లదాకా పడుంది..."

"ఎండాకాలం," అంది హెట్టీ, అల్లుతున్న మేజోడు మీంచి తలెత్తకుండా.

"ఎండాకాలం మంచే. ఆ ఏడు అలాగే పడింది. బాటకి అడ్డంగా నిలబడిందండీ. మా అక్క నా వెనక దాక్కుంది. నేను దాని కళ్లలోకి చూశాను, అది నా కళ్లలోకి చూసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సిగ్గుపడి తల తిప్పేసుకుంది! నేనూరుకుంటానా, తోక పట్టుకున్నాను. అది పరుగు లంకించుకుంది, నేను వదల్లేదు, నా బూటు మడమలు నేలలో దిగబడి చాలు గీసుకుంటూ పోతున్నాయి, ఊరి దగ్గర్నుంచి బడి గోడ దాకా. ఇవాళ అందరూ బాట బాట అంటున్నారే, ఏమిటనుకున్నారు అది? నా మడమలు గీసిన చాలు!"

పబ్బంతా ఘొల్లున నవ్వింది. ఫార్న్ కలం ఆగింది. ఆ ఆగడం మేవిస్‌కి నచ్చలేదు.

"నాన్నా," అంది మెల్లిగా.

"ఉండవే. గోడ దగ్గర ఆగిందనుకున్నారా? గోడ దూకింది, ఏరు దూకింది, చర్చి శిఖరం మీంచి దూకుతుంటే గిట్ట తగిలి, గాలి ఎటో చూపించే ఆ ఇనప కోడి పడమటికి తిరిగిపోయింది. ఇప్పటికీ పడమటికే చూస్తోంది, కావాలంటే వెళ్లి చూసుకోండి."

"తుప్పు పట్టి," అన్నాడు లెన్.

"తుప్పు తర్వాత పట్టింది!"

ఇంతసేపూ మూల కూర్చున్న క్రెయిల్, కొత్త యజమాని తరఫు లాయరు, అప్పుడు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. మొహం నిండా నవ్వు. పాలగిన్నె మీద మూత జారిందని కనిపెట్టిన పిల్లిలా ఉన్నాడు.

"అబ్బో! అంత ఎద్దుని లొంగదీశారంటే దొరగారికి తెలిసే ఉంటుందే?"

"తెలీకపోవడమేంటండీ!"

"మరి పిలిచి మెచ్చుకోలేదా?"

దొర మెచ్చుకున్న ముక్క మేవిస్‌కి తెలుసు. చిన్నప్పుడు నమ్మింది. బడంతా చెప్పుకుని తిరిగింది. తన పెళ్లిలో కూడా నాన్న లేచి నిలబడి ఇదే చెప్పాడు.

"మెచ్చుకోవడమా? టిఫిను చేస్తూ చేస్తూ, మెళ్లో తువ్వాలు, గడ్డాన గుడ్డు సొన, అలాగే పరిగెత్తుకొచ్చాడండీ. టోపీ తీశాడు! ఆరేళ్ల పిల్లాడికి! 'పికెట్ గారూ' అన్నాడు..."

"సరిగ్గా ఏమన్నారు?" క్రెయిల్ కలం కాయితం మీద ఆనింది. "ఆ బాటలో నడుచుకోమన్నారా?"

మేవిస్ లేచి నిలబడింది. ఫార్న్ చెయ్యెత్తాడు. "సాక్షికి మాటలు అందించకూడదమ్మా. కూర్చోండి." ఆమె కూర్చుంది. జూన్ కట్టు కళ్లముందు మెదిలింది. వద్దు నాన్నా, ఆ మాట అనకు, ఈ ఒక్కసారికి అనకు.

"'పికెట్ గారూ, ఈ పచ్చికలో మీ ఇష్టం వచ్చినట్టు...'"

"ఒరే ఆంబ్రోస్."

హెట్టీ సూదులు ఒళ్లో పెట్టేసింది. "దొర నీతో ఎప్పుడు మాట్లాడాడ్రా?"

"అక్కా, అప్పుడు నువ్వు చూళ్లేదు..."

"నీ చెయ్యి పట్టుకుని నడిపించిందాన్ని, నేను చూడకపోవడమేంటి? అది ఎద్దూ కాదు, గిద్దూ కాదు. పళ్లూడిన ముసలావు. దాన్ని చూసి బడి దాకా నా గౌను పట్టుకుని ఏడ్చావు. దొర రోజూ గుర్రమెక్కి మనకి ఎదురొచ్చేవాడు. ఇదిగో, ఇంత దగ్గర. గుర్రం డెక్కల బురద మన మొహాన పడేది. రమ్మన్లేదు, పొమ్మన్లేదు, పక్కకి తప్పుకోమని కూడా అన్లేదు. మందెడు వేటకుక్కలుండేవి, ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలిచేవాడు. మన పేరు తెలుసురా ఆయనకి? ఆయన కంచె మొక్కలు కత్తిరిస్తూ ముసలాడివయ్యావు కదా, నువ్వే చెప్పు. తెలుసా?"

ఎవరూ నవ్వలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఆయన్ని ఎవరో ఒకరు ఆపుతారని అందరికీ తెలుసు గానీ, ఇలా ఆపుతారని ఎవరూ అనుకోలేదు.

"పికెట్ గారూ," అన్నాడు ఫార్న్. కథలో దొర పిలుపే అది, పాపం ఆయన మామూలుగానే అన్నాడు. "మీరు చెప్పింది రాసుకోనా? మీ అక్కగారు చెప్పింది రాసుకోనా?"

ఆంబ్రోస్ చెవులు ఎర్రబడ్డాయి. గ్లాసు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మేవిస్ ఆయన వైపు చూడలేక చూసింది. తనకి కావాల్సిన మాట రాదేమోనని భయం, వస్తే ఆయన మొహం ఎలా ఉంటుందోనని అంతకన్నా భయం.

"అక్క చెప్పిందే రాసుకోండి," అన్నాడు. "దొరకి నా పేరు తెలీదండీ. ఎప్పుడూ పిలవలేదు."

క్రెయిల్ వదల్లేదు. ఇంకా తియ్యగా నవ్వాడు. "పోనీ పేరు తెలీకపోతే తెలీకపోయింది. ఆ ఆవు అడ్డమొచ్చిన రోజున ఎవరో ఒకరు ఏదో ఒకటి అనే ఉంటారుగా? ఆ తర్వాత ఏమైందండీ?"

ఆంబ్రోస్ తలెత్తాడు. కళ్లు మెరిశాయి. ఊపిరి గుండెల నిండా తీసుకున్నాడు. మేవిస్ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"ఏమవుతుందండీ," అన్నాడు ఆంబ్రోస్. "బడికెళ్లాం."