స్టాడెల్‌మన్ గారి గదిలో దానంతటదే వెలిగిన ఆసిలోస్కోప్

సభాధ్యక్షులు రోలండ్ బీచమ్ గారికి, ఈ మరమ్మతు కొట్టు బల్లల ముందు నడుములు వంగేదాకా పనిచేసి ఇవాళ ముందు వరసలో తీరిగ్గా కూర్చున్న పెద్దలకి, కుర్చీలు చాలక కాఫీ కప్పులతో గోడవారగా నిలబడ్డ మిత్రులకి నమస్కారం. లైల్, నువ్వు ముందుకు రావయ్యా, ఇరవై ఆరేళ్లు ఒకే బల్ల దగ్గర పనిచేశాం, ఇవాళ ఒక్కరోజు నా ఎదుట కూర్చుంటే నీ సొమ్మేం పోదు. (నవ్వులు)

అధ్యక్షులవారు ఇందాక, ఆర్డిస్ క్వామె చెయ్యి పడితే ఎంత మొండి యంత్రమైనా మాట వింటుందన్నారు. వినడం సరే. నేను ఒక మనిషి మాట వినని సంగతి ఒకటుంది, ఇవాళ పని విరమించి వెళ్లిపోయే ముందు అది చెప్పాలి. నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేదు, లైల్‌కి కూడా.

ఆరిన్ స్టాడెల్‌మన్ గారు మీలో చాలామందికి తెలుసు. ఫారెస్ట్ గ్రోవ్ దారిలో ఒంటరిగా ఉండేవారు. ఆయన దగ్గర ఆసిలోస్కోప్ ఒకటుండేది, కరెంటు హెచ్చుతగ్గుల్ని తెరమీద గీతగా చూపించే యంత్రం, ట్రాన్సిస్టర్లకి ముందు గాజు గొట్టాల కాలం నాటిది. ఇద్దరు పడితేగాని లేవదు. నాలుగేళ్ల కిందట నవంబరులో ఆయన నాకు ఫోన్ చేశారు. "ఆర్డిస్, తెరమీద గీత నిలవట్లేదమ్మా, ఊపిరి పీలుస్తున్నట్టు పైకీ కిందకీ ఊగుతోంది. కాసేపయ్యాక మొత్తం ఆరిపోతోంది. ఓసారి వచ్చి చూసిపోరాదూ" అన్నారు. గురువారం పదింటికి వస్తానన్నాను.

ఆ ఆదివారం వాళ్లక్క వెర్నాగారు, ఇదుగో మన ముందే కూర్చున్నారు, తమ్ముడు ఫోన్ ఎత్తడం లేదని ఆస్టోరియా నుంచి కారేసుకుని వచ్చారు. తలుపు తీసేసరికి ఆయన ఆ యంత్రం ఎదుటే కుర్చీలో ఉన్నారు. పోయి మూడు రోజులైంది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. కుర్చీ పక్కన నిలబడ్డ వెర్నాగారికి గదిలో టక్కుమని చప్పుడు వినిపించింది. ఎవరూ ముట్టుకోకుండానే తెర వెలిగింది. పచ్చటి గీత ఒకటి లేచి, మెల్లగా పైకీ కిందకీ ఊగింది. కాసేపటికి ఆరిపోయింది. పక్కింటాయన వచ్చేలోపల మళ్లీ టక్కుమంది, మళ్లీ వెలిగింది. ఆయన ప్లగ్గు పీకేదాకా అది అలాగే ఆరుతూ వెలుగుతూ ఉందట.

అంత్యక్రియలైన వారానికి వెర్నాగారు దాన్ని ఇక్కడికి తెప్పించి, "మా తమ్ముడు అందులోంచి ఏదో చెప్పాలని చూస్తున్నాడమ్మా. బాగుచేస్తే తెలుస్తుందేమో" అన్నారు. లైల్ మామూలుగా అయితే ఇలాంటి మాటకి ఏదో ఒక వెటకారం ఆడేవాడు. ఆ రోజు మాత్రం వెళ్లి స్క్రూడ్రైవరు తెచ్చాడు.

మూత తీశాం. లోపల ఫ్యాను ఇరుసు ఎండిపోయి బిగుసుకుంది, చేత్తో తిప్పినా తిరగలేదు. కరెంటుని లోపల దాచుకునే పెద్ద కెపాసిటర్లని తీగతో ఖాళీ చేసి, మీటరు సున్నా చూపించాక భోజనానికి వెళ్లాం. తిరిగొచ్చి చూస్తే నలభై వోల్టులు. ప్లగ్గు వైరు చుట్టచుట్టి బల్లమీదే ఉంది. పాత కెపాసిటర్ల గుణమే అంత, ఖాళీ చేసినా లోపల దాగిన కాస్త మళ్లీ పైకి తేలుతుంది. నలభై ఏళ్లుగా నాకు తెలిసిన సంగతే. అయినా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "నువ్వు ముట్టుకున్నావా?" అన్నాడు లైల్. "నేను నీతోనే ఉన్నాను కదయ్యా" అన్నాను. మళ్లీ తీగ పెట్టి ఖాళీ చేశాం.

ఆ యంత్రంలో మిగతా వోల్టేజీలన్నీ మైనస్ నూటయాభై వోల్టులనే ఒక్కదాన్ని చూసి నడుచుకుంటాయి. అది తప్పితే అన్నీ తప్పుతాయి. దాని కెపాసిటర్ ఎండిపోవడంవల్ల గీత ఊగుతోంది. ఫ్యాను ఆగడంవల్ల లోపల వేడెక్కి, కాపుగా పెట్టిన మీట కరెంటు ఆపేస్తోంది. చల్లబడగానే అదే టక్కుమని మళ్లీ కలుపుతోంది. మూడు రోజులు ఆ గదిలో జరిగింది ఇదే. కెపాసిటర్ మార్చాం, ఫ్యానుకి నూనె వేశాం, కరెంటు కొంచెం కొంచెంగా పెంచుతూ మైనస్ నూటయాభైని సరిచేశాం. మిగతావన్నీ ఒక్కొక్కటే వచ్చి తమ చోట నిలబడ్డాయి.

వెర్నాగారిని పిలిచి చూపించాను. తెరమీద గీత కదలకుండా, దారం లాగి కట్టినట్టు నిలిచింది. మా పనిలో అంతకంటే అందమైనది లేదు. ఆవిడ చాలాసేపు చూసి, "ఇప్పుడు వెళ్లిపోయాడు" అన్నారు. కోటు తీసుకుని బయటికి నడిచారు. అప్పటినుంచీ అది మన అరలోనే ఉంది.

(మంచినీళ్లు తాగి)

ఆవిడకి నేను కెపాసిటర్ గురించి చెప్పాను, ఫ్యాను గురించి చెప్పాను. ఒక్కటి చెప్పలేదు. ఆ గురువారం నేను వెళ్లలేదు. వాన పడుతోంది. ఆయన మాట మొదలెడితే మూడు గంటలు వదలరు. బద్ధకించాను. రానని ఫోన్ కూడా చెయ్యలేదు. గొట్టాల యంత్రం అరగంట వేడెక్కితేగాని కొలతలు నిలకడగా రావని ఆయనకి తెలుసు. నేను వచ్చేసరికి సిద్ధంగా ఉండాలని తొమ్మిదిన్నరకే స్విచ్ వేసి కూర్చుని ఉంటారు. నేను వెళ్లి ఉంటే ఆయన బతికేవారో లేదో ఏ డాక్టరూ చెప్పలేడు. ఆ రోజు తలుపు కొట్టాల్సినదాన్ని మాత్రం నేనే. వెర్నాగారూ, నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు...

ఏమిటండీ? లైల్, వెర్నాగారికి మైకు ఇవ్వు.

"నాకు తెలుసమ్మా. వంటింటి క్యాలెండర్లో వాడి చేతిరాతతో ఉంది, గురువారం పది, ఆర్డిస్ అని. సేలంలో ఇంకో మరమ్మతు కొట్టుందని పక్కింటాయన చెప్పాడు. అయినా నీ దగ్గరికే తెచ్చాను."

మరి నాలుగేళ్లూ నన్నెందుకు అడగలేదండీ?

"నువ్వే చెప్తావని ఎదురుచూశాను."

(కాగితాలు మడిచి)

ఇక నావల్ల కాదు. అధ్యక్షులవారికి, ఈ శాలువా కప్పినవారికి, నన్ను ఇన్నేళ్లు భరించిన మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. వెర్నాగారి పక్క కుర్చీ ఖాళీగా ఉంది, అక్కడికి వెళ్లి కూర్చుంటాను. సెలవిప్పించండి.