బయ్యన్న మేజా మీది సున్నపుకాయ

ఏమ్మా చంద్రికా, మేజా సింగారించినా చూసిపో తాతా అని పిలిచి, నేను సరిగ్గా కూసోకముందే పంచాయితీ పెడ్తివే. మీ బెంగుళూరు మేనేజరు కంప్యూటర్లో మాట్లాడతా మాట్లాడతా ఆకువక్కకి సున్నం పెట్టుకునే ఈ సున్నపుకాయ చూసి మోజుపడినాడు, ఇయ్యాల్నా వద్దా అనేగా? ఉండు, అద్దాలు పెట్టుకోనీ. ఊఁ... బాగుండాదిమ్మా, శానా బాగుండాది. కంప్యూటరు నడిమధ్య పెట్టి, ఆ పక్క గుండ్రటి కళ్ళజోడు, ఈ పక్క పొడుం డబ్బీ, కొనాకి సున్నపుకాయ. ఇత్తడి బో బాగా తోమినావు, చింతపండేనా? నిమ్మకాయా? సరే, అదీ మంచిదే. ఒకటే తప్పు. అన్నీ నీ తట్టు తిరిగుండాయి. మీ తాత బయ్యన్న వీటన్నిట్నీ వచ్చే పొయ్యే జనం తట్టుకి తిప్పి పెడతాండె. యాలనో చెప్తా, తొందరపడాకు. ఇంటికిపోయి నేను చేసే పనేముండాది గానీ.

మీ తాత కంబదూరు బస్టాండులో కంట్రోలరు. నా టీ అంగడి ఆయప్ప కిటికీకి ఎదురుగ్గానే. బస్సు ఎప్పుడొచ్చె, ఎప్పుడుపాయ, అది రాసుకునేది ఆయప్ప పని. మైకు చెడిపోతే గొంతెత్తి అరిచేది కూడా ఆయప్ప పనే, అది దినామూ చెడిపోయే ఉంటాండె. ఇదే మేజా. ఈ కాలు చూడు, కొంచెం కురచ. దీని కింద అట్టముక్క నేనే పెట్టినా. ఏం చెప్తాంటి? ఆఁ, మర్చిపోయిన సామాన్లు. బస్సు దిగేటప్పుడు జనం ఏదో ఒకటి సీట్లో ఇడిసి పోతాండ్రి. ముసిలోళ్ళే ఎక్కువ, వాళ్ళ దగ్గర ఉండేటివి అప్పటికే పాత సామాన్లు. కండక్టర్లు తెచ్చి మీ తాతకిస్తే, ఆయప్ప వాటిని అనంతపురం పైఆఫీసుకి పంపాల. అది రూలు. పంపితే ఇంగ దానికి దిక్కుండదు. చుట్టుపల్లెల్లో ఉండే ముసిలామె బస్సెక్కి అనంతపురం పోయి, ఆ ఆఫీసు యాడుండాదో కనుక్కొని, ఎవురినో బతిమాలి, నా అడకత్తెర నాకియ్యప్పా అని అడుగుతాదా? అందుకే మీ తాత పంపకుండా మేజా మీద పెట్టుకున్యాడు. ఎవురన్నా పైవాళ్ళు వచ్చి అడిగితే, ఇవి మా ఇంటి సామాన్లు సార్, నాకు పాతవంటే పిచ్చి, అలంకారానికి పెట్టుకున్యా అనేది. చూసినోళ్ళంతా కంట్రోలరుకి ఏం షోకప్పా అనుకునిరి. పారేసుకున్నోళ్ళకి కిటికీలోంచి కనపడాలని అన్నీ బయటికి తిప్పి పెట్టింటాడని మాకు తప్ప ఎవురికీ తెలీదు.

ఊరికే నాదంటే ఇస్తాడనుకున్యావా? ఇయ్యడు. నీదైతే వాడి చూపించు అంటాడు. ఒకసారి ఓబిలేషు, ఉత్త సోమరి, అడకత్తెర మాయమ్మది అని వచ్చినాడు. మీ తాత ఒక వక్క చేతిలో పెట్టి, కత్తిరించు నాయనా అన్యాడు. వాడు కత్తిరించింది వక్క కాదు, బొటనేలు. అరుచుకుంటా పాయ! తర్వాత చాన్నాళ్ళకి రామాంజినమ్మ అని ఒకామె వచ్చింది. కిటికీలోంచి చూసింది, లోపలికి చెయ్యి పెట్టి అడకత్తెర తీసింది, బస్సు తట్టు చూస్తానే, ఒక్క చేత్తో టకటకా వక్కని తునకలు చేసింది. మీ తాత ఏం అడగలే. ఆమె సగం వక్క ఆయప్ప చేతిలో పెట్టి బస్సెక్కిపాయ. ఆ పొద్దంతా బయ్యన్న ముఖం చూడాల్సింది. నేను టీకి దుడ్లు అడిగే దానిక్కూడా మనసు రాలే.

ఇంగ ఈ సున్నపుకాయ. ఇది పావగడ బస్సులో దొరికింది. మూత తీస్తే లోపల సగం సున్నం ఉన్నింది. పనితనం చూడు, అంచుకి ఆ తీగె చూడు. మీ తాత దీన్ని అన్నిటికన్నా ముందర పెట్టినాడు. దినామూ పొద్దున్నే నా అంగడికి వచ్చి టీ తాగి, గ్లాసు కడిగే నీళ్ళల్లోంచి రెండు చుక్కలు ఏలితో తీసుకుని పోయి దీంట్లో ఇడుస్తాండె. నాకు తిక్క రేగేది. ఆ యేడు బోర్లన్నీ ఎండిపోయి, టాంకరు వస్తేనే నాకు టీ. ఏమన్నా, మనిషికే నీళ్ళు లేవు, ఎవురిదో సున్నానికి నీళ్ళు పోస్తాండావే అంటి. ఆయప్ప, వాళ్ళు వచ్చి మూత తీసేతలికి ఎండి రాయైపోయింటే ఏం బాగుంటాది మారెప్పా, నా దగ్గర పెట్టినందుకు అని... అంతే. నవ్వుకుంటా పాయ. ఎవురు పెట్టినారప్పా నీ దగ్గర, పారేసుకున్నారు గానీ అని నేను గొణుక్కుంటి.

అప్పుడొచ్చినాడు తనిఖీ సారు. కోస్తా తట్టు మనిషి, జీపు దిగి నేరుగా ఈ మేజా కాడికే వచ్చినాడు. "అబ్బో, ఏంటయ్యా ఇవన్నీ! ఎక్కడ సంపాదించావు?" అన్యాడు. మీ తాత ఎప్పుడూ చెప్పే పాటే చెప్పినాడు, మా ఇంటివి సార్ అని. ఆయన ఈ సున్నపుకాయ చేతిలోకి తీసుకున్యాడు. "ఇది నాకిచ్చెయ్యవయ్యా. మా ఇంట్లో మేజా మీద పెట్టుకుంటాను" అన్యాడు. నేను టీ పట్టుకుని వాకిట్లో నిలబడినా. చూడు మరి, నాదే అంటే ఇయ్యాల. నాది కాదంటే, సామాన్లు దాచిపెట్టుకున్యాడని ఉద్యోగం పోతాది. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లోళ్ళు, మీయమ్మ చంకలో ఉండాది. ఇచ్చెయ్యి బయ్యన్నా, పీడ పోతాది అని నేను కండ్లతోనే చెప్తాండా. ఆయప్ప నా తట్టు చూడలే. తువ్వాలుతో మెడ తుడుచుకుని, "అది నాది కాదు సార్" అన్యాడు.

"ఇందాక నీదన్నావు?" "అబద్ధం చెప్తి సార్. బస్సుల్లో మర్చిపోయినవి ఇవన్నీ. పైకి పంపాల, పంపలే. పంపితే వాళ్ళకి చేరవు." సారు మూత తిప్పి, లోపల ఏలు పెట్టినాడు. తీస్తే ఏలి కొసాన తెల్లగా తడి సున్నం. "ఇదేంటయ్యా, తడిగా ఉందే!" "దినామూ రెండు చుక్కలు ఇడుస్తా సార్. వాళ్ళు వస్తే వాడుకోవాల కదా." సారు ఆ ఏలు చూసుకున్యాడు. మల్ల మూత పెట్టి, యాడుండేదో ఆడే పెట్టి, నా చేతిలో టీ కూడా తీసుకోకుండా జీపెక్కి పాయ. మేము మెమో వస్తాది, వస్తాది అని ఎదురు చూస్తాంటిమి. రాలే. మూడోనాడు మేజా సర్దతా ఉంటే దొరికింది, సారు ఇడిసిపోయిన ఇంకు పెన్ను! బయ్యన్న ఏం చేసినాడనుకున్యావు? దాన్ని కూడా కళ్ళజోడు పక్కన పెట్టి, బయటికి తిప్పినాడు.

మల్ల తనిఖీకి వచ్చినప్పుడు సారు అది చూసి, "అరె, ఇది నాదే" అన్యాడు. మీ తాత చేతులు కట్టుకుని, "మీదే అని యట్ల తెలియాల సార్? రాసి చూపీండి" అన్యాడు.  సారు ఒక చూపు చూసి, కాయితం తీసుకుని, బుద్ధిగా తన పేరు రాసి చూపించినాడమ్మా! మీ తాత దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఆఁ, తీసుకోండి సార్ అన్యాడు. ఇద్దరూ ఒకటే నవ్వు. ఆ పొద్దు సారు నా అంగట్లో కూసోని టీ తాగినాడు. నాకు ఎంత సంతోషమాయనో ఇప్పుడు చెప్పినా నీకు తెలీదు.

సున్నపుకాయ మనిషా? రాలేదు తల్లీ. బస్టాండుకి ఇనప మేజాలు వచ్చినాక మీ తాత ఈ మేజాని కొనుక్కుని బండి మీద ఇంటికి తెచ్చుకునె, సున్నపుకాయా దాంతోపాటే వచ్చె. ఆయప్ప పొయ్యేదాకా దినామూ రెండు చుక్కలు. ఇంతకాలమైనాక ఆ మనిషి ఉంటాదా అని నువ్వడుగుతావు. ఉండదులే. ఆమె మనవరాలో, ముని మనవరాలో నీ మాదిరే బెంగుళూర్లో కంప్యూటరు ముందర కూసోనుంటాదేమో. నీ మేనేజరు పెట్టే మీటింగుల్లో ఎంతమంది నీ మేజా చూస్తారు? అంతమందా! బస్టాండు కన్నా ఎక్కువేనే. అయితే దీన్ని వాళ్ళ తట్టుకి తిప్పి పెట్టు. మేనేజరుకి ఏం చెప్పాల్నో నన్నడగాకు, మీ తాత సారుకి చెప్పిన మాట వింటివి కదా.

ఏదీ, మూత తియ్యి. ...రాయైపోయింది. పోనీలే, నీకేం తెలుసు. ఆ పుల్లతో గీకి పారెయ్యి. నా సంచిలో తమలపాకుల పొట్లం పక్కన సున్నం ఉండాది, తియ్యి. ఇంత పెట్టు. చాలు. ఇప్పుడు రెండు చుక్కలు... ఊఁ, అట్ల.

మూత మరీ బిగించాకు పాపా. వచ్చినామె ముసిలిదైతే తీసేదానికి రావాల. ఆ టీ ఇట్లియ్యి, చల్లారిపోతాండాది.