తొట్టిలో గరిటెడు పాలు

హలో… ఆ, నేనేరా మారీ, నీ అక్క సెల్వరాణినే. విరుదునగర్‌లో ఈ ఫోను ఇంకెవురు ఎత్తుతారు…

చెప్పు. నిన్న పాలు పొంగించి కొత్తింట్లో దూరితిరి గదా. కోవిల్‌పట్టిలో ఇంకేమి విశేషం…

చచ్చినాయా? ఏమి… బంగారు చాపలా? తొట్టిలోవి ఎనిమిదీనా…

బలే. ఒక్కరోజుకే పోయినాయి. మన చుట్టాలకంటే నయం.

ఉండు — తొట్టికి నీళ్ళు ఎప్పుడు పోస్తివి?… నిన్న తెల్లారా. కొళాయి నీళ్ళే, బ్లీచింగు వాసనతోనే. చాపలు?… ఓహో, నల్ల నేరం, అదే మంచి గడియ, దాటకముందే. నీ పెండ్లికి గూడా ఇంత తొందరపడలేదే సామీ నువ్వు.

చాపలు లేకుండా ఒట్టి నీళ్ళకే కొన్ని వారాలు మోటారు తిప్పాల, ఆ తర్వాత ఒకటో రెండో వేయాల అని ఎవురూ చెప్పలేదా… దేవిప్రియ చెప్పిందా. పెండ్లాము చెప్తే నీ చెవికి యాడ ఎక్కేది… ఒట్టి తొట్టి చూస్తే వచ్చినోళ్ళు నవ్వుతారనా? సరి సరి. ఇప్పుడు ఎవురూ నవ్వరులే.

నీళ్ళు ఎట్టుండాయి… తెల్లగానా? ఎందుకు తెల్లగా…

మారీ. మళ్ళా చెప్పు. అమ్మ ఏమి పోసింది?…

పొంగిన పాలు. ఒక గరిటె. చాపలకి గూడా మంచి జరగాలని… చక్కెర వేయలేదా, పావం. శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా ఒక ముక్క వేసుండొచ్చే…

నవ్వలేదురా. దగ్గు.

ఇప్పుడు నేనేమి చేయాల… ఇక్కడ ఎనిమిది కొని బస్సులో పంపాలా? అన్నీ పోయినాయని అమ్మ చూడకముందే వేసేస్తావా. అవీ తేలితే మళ్ళా ఎనిమిది. చాపలకి బస్సు పాసు తీసుకో.

ఎందుకు నీకంత బయం…

నిన్న మొదటిది తేలంగానే అమ్మ ఏమో అనిందా? ఏమనింది?… కోడలి కాలు మంచిది కాదనా? అందరి ముందరా…

నువ్వేమంటివి…

ఏమీ అనలేదు. నీళ్ళు పోసింది నువ్వు, పాలు పోసింది అమ్మ, చెడ్డపేరు మాత్రం ఆమెకి. బాగుండాది.

ఆమె యాడుండాది… బ్యాగు సర్దుతా ఉండాదా.

మారీ, ఇప్పుడు ఎగతాళి కాదు.

తొమ్మిది గదా కొంటివి, వాస్తుకని, ఎనిమిది బంగారువి, ఒకటి నల్లది? ఆ నల్లది ఏమాయె… బక్కెట్లోనా? బతికుండాదా… ఎవురు తీసింది…

దేవిప్రియ. పాలు పోసిన వెంటనే. ముందే పట్టి నిలవ పెట్టిన నీళ్ళల్లో వేసిందా… మిగతావీ తీసేలోగా అమ్మ పిలిచిందా. ఈ సంగతి అమ్మకి తెలుసా…

తెలవదు. నువ్వు చెప్పలేదు.

బక్కెట్టు ఎత్తు. తీసుకోనిపోయి అమ్మ ముందర పెట్టు. చంపింది నేనూ నువ్వూ, బతికించింది ఈమె అని చెప్పు. ఫోను కట్ చేయొద్దు, నేను వింటా ఉంటా… పో.

…

ఊ… గొంతు పెంచు…

"ఈమె" అంటే చాలదురా. పేరు చెప్పు…

…

ఆ, అమ్మా. నేనే… వింటిని… సరి, ఏడవొద్దు… ఏమి? ఏమి అడుగుతా ఉండావు?…

ఆ నల్లదానికైనా బక్కెట్లో ఒక్క చుక్క పాలు పోయొచ్చా అనా…

నన్ను అడగొద్దమ్మా. బ్యాగు పట్టుకోని నిలబడుండాదే, ఆ పిల్లని అడుగు… ఆ, నువ్వే. పేరు పెట్టి పిలువు…

ఊ. వినిపించింది.

పెట్టేస్తా ఉండా.